ఎగుమతి కేటలాగులో ‘గుడ్ హెయిర్’ అని రాస్తే తప్పేంటి? కింకీ స్ట్రెయిట్ అంటే అసలు ఏం అడుగుతున్నారు?

అంబత్తూరు_కేటలాగు:

చెన్నై అంబత్తూరు ఎస్టేటులో జుట్టు ఎగుమతి చేసే యూనిట్లో కేటలాగు, వెబ్‌సైటు మాటలు రాసే పని నాది. అట్లాంటాలో నల్లజాతి మహిళలు నడుపుకునే సెలూన్ సప్లై సంస్థ ఒకటి మొదటి ఆర్డరు గురించి మాట్లాడుతోంది. మేం పంపిన డ్రాఫ్టు నిండా ఎర్రగీతలు పెట్టి తిప్పి పంపారు. మర్యాదగానే రాశారు గానీ కారణాలు చెప్పలేదు.

కొట్టేసినవి ఇవి. పైన పెద్దక్షరాల్లో ‘ఇండియా నుంచి గుడ్ హెయిర్’ అన్న శీర్షిక. లోపల ‘మొండి జుట్టుకి సులువైన పరిష్కారం’, ‘ఆఫీసుకి తగిన నీట్ లుక్’ అన్న రెండు వాక్యాలు. ఒక బొమ్మ కూడా: ఎడమవైపు చిక్కటి చుట్టల జుట్టుతో ముఖం ముడుచుకున్న అమ్మాయి, కుడివైపు అదే అమ్మాయి మా స్ట్రెయిట్ బండిల్స్ (కట్టలుగా అమ్మే జుట్టు) పెట్టుకుని నవ్వుతూ. ‘నూరు శాతం గుడి జుట్టు, సింగిల్ డోనర్’ అన్నదాన్ని కొట్టేయలేదు, పక్కన ‘రుజువు?’ అని ఒక్క ముక్క రాశారు.

శాంపిల్ అడిగినవి: కింకీ స్ట్రెయిట్ 18 అంగుళాలవి మూడు బండిల్స్, 4సి (బాగా చిక్కటి చుట్టల రకం) క్లిప్-ఇన్స్, అంటే క్లిప్పులతో తగిలించుకునే పాయలు, ఒక సెట్టు. తయారీ చూసే మా మాస్టరు ‘పట్టులాంటి జుట్టు ఇస్తామంటే దాన్ని పాడుచేసి ఇమ్మంటారేంటి’ అన్నారు.

ఆ మాటల్లో ఏది ఎందుకు గుచ్చుకుంటుందో, బదులు ఏం రాయాలో, శాంపిల్ తిరిగి రాకుండా ఎలా చేయించాలో చెప్పగలరా? ‘తీసేసి ఊరుకోండి’ అనకండి. కారణం తెలిస్తే రేపు ఇంకో తప్పు రాయకుండా ఉంటాను.

పాతపేజీలు:

‘గుడ్ హెయిర్’ని ‘మంచి జుట్టు’ అని అర్థం చేసుకోవడం దగ్గరే తేడా వచ్చింది. మన పెళ్ళిచూపుల్లో ‘పిల్ల బాగానే ఉంది, కాస్త రంగు తక్కువ’ అంటారు చూడండి, అక్కడ రంగు అంటే తెలుపొక్కటే. నలుపు అసలు రంగుల లెక్కలోకే రాదు. ‘గుడ్ హెయిర్’ అలాంటి మాట. వదులుగా, నున్నగా, దువ్వెన ఎక్కడా ఆగకుండా దిగేది, అంటే తెల్లవాళ్ళ జుట్టుకి ఎంత దగ్గరగా ఉంటే అంత ‘గుడ్’. చిక్కటి చుట్టలది ‘బ్యాడ్’, లేదా ‘నాపీ’. బానిసత్వపు రోజుల నుంచి నల్లజాతి ఇళ్ళలోకి కూడా దిగిపోయిన కొలత ఇది. మీ శీర్షిక చదివినామెకి ‘ఇండియా సరుకు నాణ్యమైనది’ అని వినపడదు, ‘నీ తలమీదున్నది చెడ్డది, మాది కొనుక్కో’ అని వినపడుతుంది. కింద ఆ బొమ్మ ఉండనే ఉంది, అనుమానం మిగలకుండా.

దీని వెనక చట్టాల చరిత్ర ఉంది. 1786లో న్యూ ఆర్లీన్స్ స్పెయిన్ పాలనలో ఉండగా గవర్నరు ఎస్తెబాన్ మీరో, బానిసలు కాని నల్ల, మిశ్రమజాతి ఆడవాళ్ళు జుట్టు మీద తలగుడ్డ కట్టుకోవాలని ఉత్తర్వు వేశాడు. ఆ గుడ్డ పేరు టిన్యాన్. వాళ్ళ అలంకరణ తెల్ల దొరసానులకి పోటీ అయిందన్నది కడుపుమంట. వాళ్ళు కట్టుకున్నారు, కాకపోతే రంగురంగుల గుడ్డలు ఎత్తుగా చుట్టి, నగలూ ఈకలూ గుచ్చి కట్టుకున్నారు. అణచడానికి పెట్టింది కాస్తా ఫ్యాషనైంది. ఆ తలగుడ్డల్లో మద్రాసు గళ్ళ రుమాళ్ళు ఉండేవి. మీ ఊరి సరుకు వాళ్ళ తలమీదికి ఎక్కడం ఇదే మొదలు కాదన్నమాట.

‘ఆఫీసుకి తగిన నీట్ లుక్’ ఇంకా ఘాటైనది, ఎందుకంటే అది కోర్టులదాకా వెళ్ళిన మాట. 1981లో రోజర్స్ వర్సెస్ అమెరికన్ ఎయిర్‌లైన్స్ కేసు. విమానాశ్రయంలో పనిచేసే ఆమె కార్న్‌రోస్, అంటే తలకి అంటిపెట్టి అల్లుకునే సన్నజడలు, వేసుకుంది. కంపెనీ కూడదంది. జడ అనేది పుట్టుకతో వచ్చే లక్షణం కాదు, మార్చుకోగలిగిందే కాబట్టి ఇది జాతి వివక్ష కిందికి రాదని న్యూయార్క్ ఫెడరల్ జిల్లా కోర్టు చెప్పింది. పని గంటల్లో ఆ జడల్ని ముడిచి పైన ఒక సవరం చుట్టుకోవచ్చని కంపెనీ ఇచ్చిన వెసులుబాటు తీర్పులోనే ఉంది. సవరాలు అమ్మేవాళ్ళం కదా మనం, ఆ వాక్యం ఒకసారి ఆగి చదవాలి.

2016లో పదకొండో సర్క్యూట్ అప్పీలు కోర్టు కూడా అదే దారి పట్టింది. అలబామాలో ఒకామెకి ఉద్యోగం ఇస్తామని చెప్పి, లాక్స్ (జుట్టుని తాళ్ళలా పేనుకునే పద్ధతి) తీసేయనందని వెనక్కి తీసుకున్నారు. ‘అవి చిందరవందర అవుతుంటాయి, మీవి అని కాదు, మీకు తెలుసుగా’ అన్న ధోరణిలో మేనేజరు మాట్లాడినట్టు రికార్డులో ఉంది. అమెరికా సైన్యం నిబంధనల్లో జుట్టు గురించి వాడిన ‘అట్టకట్టిన’, ‘శుభ్రంలేని’ అనే మాటల్ని 2014లో గొడవయ్యాక తొలగించారు. సైన్యంలో ఆడవాళ్ళకి లాక్స్ అనుమతి 2017లో వచ్చింది.

అందుకని వచ్చిన చట్టమే క్రౌన్ యాక్ట్. కాలిఫోర్నియా 2019 జూలైలో మొదట చేసింది, 2020 జనవరి 1 నుంచి అమలు. జుట్టు స్వభావాన్ని, జడలు, లాక్స్, ట్విస్ట్స్ (పాయల మెలికలు) లాంటి పద్ధతుల్ని ‘జాతి’ నిర్వచనంలోకి తెచ్చింది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022 మార్చిలో ప్రతినిధుల సభ దాటి సెనేట్‌లో ఆగింది. ఇదంతా జరిగిన చోట ‘నీట్’, ‘ప్రొఫెషనల్’, ‘లొంగదీసిన’, ‘క్రమశిక్షణ గల’ లాంటి విశేషణాలు వేస్తే కొనేవాళ్ళకి ఆఫీసు మెమో గుర్తొస్తుంది.

ఇంకొకటి. ‘మా సంప్రదాయం’ పేజీలో ఎవరైనా నల్లజాతి వ్యాపారవేత్త మేడమ్ సి.జె. వాకర్ పేరు పెడదామంటే, ఇస్త్రీ దువ్వెన ఆమే కనిపెట్టిందని మాత్రం రాయకండి, అది అబద్ధం. వేడి దువ్వెనలు అంతకుముందే ఉన్నాయి. ఆమె అమ్మింది ముఖ్యంగా మాడు చుండ్రుకి, జుట్టు ఊడకుండా ఉండటానికి మందులు. మొదట్లో యానీ మెలోన్ అనే ఇంకో నల్లజాతి వ్యాపారవేత్త దగ్గర ఏజెంటుగా చేసి, 1910లో ఇండియానాపోలిస్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. వేలమంది నల్లజాతి ఆడవాళ్ళకి ఇళ్ళలో పాచిపని కాకుండా ఇంకో బతుకుదెరువు ఆమె సరుకు అమ్మే ఏజెంట్ల గొలుసు వల్లే వచ్చింది. అందుకే ‘సాపు చేయడం అంటే తెల్లవాళ్ళని కాపీకొట్టడం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అక్కడ ఎవరూ ఒప్పుకోరు.

పీహెచ్13:

‘మొండి జుట్టు’ దగ్గర రసాయనం వైపు నుంచి కాస్త.

ఆ జుట్టు మొండిది కాదు, సున్నితమైనది. మన వెంట్రుకని అడ్డంగా కోస్తే దాదాపు గుండ్రంగా కనపడుతుంది. వాళ్ళది నొక్కిన కోడిగుడ్డులా చప్పిడిగా ఉంటుంది, మాడులోని కుదురే వంపు తిరిగి ఉంటుంది. ప్రతి మలుపు దగ్గరా వెంట్రుక పైపొర పొలుసులు లేస్తాయి, అక్కడే తెగుతుంది. మాడులో ఊరే జిడ్డు ఆ చుట్టల వెంట కిందికి జారదు, చివర్లు ఎప్పుడూ పొడిగానే ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు సన్నపళ్ళ దువ్వెనతో పైనుంచి కిందికి లాగితే పుటుక్కుమంటుంది. తడిపి, కండిషనర్ పట్టించి, వేళ్ళతోనో వెడల్పు పళ్ళ దువ్వెనతోనో చివర్ల నుంచి పైకి విడదీస్తే ఏ మొండితనమూ ఉండదు. దువ్వెన వేరే జుట్టుకి చేసింది, తప్పు జుట్టు మీద వేశారు.

‘సాపు చేయడం’ అనేది అక్కడ ఎంత బరువైన మాటో తెలియాలంటే చుట్టల్ని సాపు చేసే క్రీము, రిలాక్సర్, ఎలా పనిచేస్తుందో తెలియాలి. అది మన పార్లర్లలో చేసే స్మూతెనింగ్ కాదు. ఇక్కడ వాడేది ఎక్కువగా థయోగ్లైకొలేట్ (పొట్టిగా థయో) అనే రసాయనం. రిలాక్సర్లో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా. దాని పీహెచ్ 12 నుంచి 14 మధ్య. ముందు మాడుకి, చెవులకి, నుదుటి అంచుకి పెట్రోలియం జెల్లీ రాస్తారు. మాడు మీద గీరుకున్న గాటు ఉంటే ఆ రోజు మొదలుపెట్టకూడదు. క్రీముని కొత్తగా పెరిగిన మొదళ్ళకి మాత్రమే రాసి దువ్వెన వీపుతో సాపు చేస్తారు. పెట్టె మీద రాసిన నిమిషాలు దాటకుండా కడిగేయాలి. నీళ్ళతో కడిగితే చాలదు, ఆమ్లగుణమున్న న్యూట్రలైజింగ్ షాంపూ పదేపదే పట్టించాలి. చాలా బ్రాండ్లలో క్షారం మిగిలి ఉంటే నురగ గులాబీరంగులోకి తిరుగుతుంది, తెల్లనురగ వచ్చేదాకా ఆపరు.

చెడేది ఎక్కడంటే: ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ మొదళ్ళకి రాసేటప్పుడు క్రీము పాత భాగం మీదికి జారితే, అక్కడ రెండోసారి ఉడికి తెగుతుంది. ‘నో-లై’ అని అమ్మేదాంట్లో కాల్షియం హైడ్రాక్సైడ్ క్రీముని గ్వానిడిన్ కార్బొనేట్ ద్రవంతో అప్పటికప్పుడు కలుపుతారు. మాడు మంట తక్కువ, కానీ కాల్షియం పేరుకుని జుట్టు కళ తప్పుతుంది. హైడ్రాక్సైడ్ పడ్డ జుట్టు మీద థయో వేస్తే, లేదా అటుదిటు చేస్తే, చేతికి కుచ్చులుగా ఊడి వస్తుంది.

ఆరోగ్యం సంగతీ ఉంది. అమెరికాలో 33 వేల మందికి పైగా ఆడవాళ్ళని గమనించిన సిస్టర్ స్టడీ ఫలితం 2022 అక్టోబరులో వచ్చింది. ఏడాదిలో నాలుగుసార్ల కంటే ఎక్కువ స్ట్రెయిటెనర్లు వాడినవాళ్ళలో గర్భాశయ క్యాన్సర్ ముప్పు, వాడనివాళ్ళతో పోలిస్తే రెట్టింపు పైనే కనిపించింది. 70 ఏళ్ళ వయసు వచ్చేసరికి 1.64 శాతం ఉన్న అంచనా 4.05కి పెరిగింది. అది సంబంధమే, కారణమని తేలినట్టు కాదు. అయినా ‘సాపు = అందం’ అనే బొమ్మకి అక్కడ ఈ నీడ కూడా తోడైంది.

మాస్టరు గారికి ఒక్క హెచ్చరిక, ఇది సరుకు గురించి. మన దగ్గర వచ్చే పచ్చి జుట్టులో గోరింటాకు, నల్ల హెన్నా పొడి పెట్టినవి బోలెడుంటాయి. అలాంటి పాయలు కలిసిన లాటుని లేతరంగుకి బ్లీచ్ చేస్తే ఒకే బండిల్లో కొన్ని పాయలు రాగిరంగులోనే నిలిచిపోతాయి. హెన్నా పొడిలో లోహపు లవణాలు కలిసి ఉంటే పెరాక్సైడ్ తగలగానే వేడెక్కుతుంది కూడా. ప్రతి లాటు నుంచి నాలుగైదు చోట్ల చిన్న పాయలు తీసి గాజుగిన్నెలో ముందే పరీక్షించండి.

సూదీదారం:

ఇక కింకీ స్ట్రెయిట్. ‘పాడుచేయడం’ అన్నమాట మాస్టరు వెనక్కి తీసుకోవాలి, ఎందుకో చెప్తాను.

వీవ్ కుట్టే పద్ధతి ఇలా ఉంటుంది. సొంత జుట్టునంతా సన్నటి కార్న్‌రోస్‌గా అల్లి, వాటి మీద వంపుసూదితో, మందపాటి దారంతో వెఫ్ట్‌లని, అంటే దారంతో ఒక అంచున కుట్టిన జుట్టు పట్టీల్ని, వరసలుగా కుడతారు. పాపిడి దగ్గర సహజంగా కనపడటానికి పైన కొంత సొంత జుట్టుని అల్లకుండా వదులుతారు, దాన్ని లీవ్-అవుట్ అంటారు. మీరు పట్టులా జారే జుట్టు కుడితే, ఆ లీవ్-అవుట్ దానితో కలవదు. కలవాలంటే రోజూ వేడి ఇస్త్రీ పెట్టాలి. నెల తిరిగేసరికి ఆ కాస్త జుట్టులో చుట్టలు చచ్చిపోతాయి, తడిపినా తిరిగి రావు. తలంతా బాగుండి ముందు పాపిడి దగ్గర మాత్రం గడ్డిపరకల్లా నిలబడిన జుట్టు కనపడితే కారణం చాలాసార్లు ఇదే.

అందుకే జుట్టుకి జుట్టు కలిసే సరుకు కావాలంటున్నారు. యాకీ అంటే రిలాక్సర్ వేసిన జుట్టులా కొద్దిపాటి గరుకున్నది. కింకీ స్ట్రెయిట్ అంటే రసాయనం ఏమీ లేని చుట్టల జుట్టుని బ్లో డ్రై చేసి సాగదీస్తే ఎలా ఉబ్బి, మెరుపు తగ్గి కనపడుతుందో అలాంటిది. రిలాక్సర్లు మానేసినవాళ్ళు పెరిగినకొద్దీ దీని గిరాకీ పెరిగింది.

చేయించేటప్పుడు మనవాళ్ళ దగ్గర జరిగే పొరపాటు తొందర. మన జుట్టు లావు, గుండ్రం, తన వంపుకే తిరిగిపోతుంది. సన్నటి పాయలుగా బిగించి అల్లి, లేదా సన్న కడ్డీలకి చుట్టి, ఆవిరి పట్టించాక కడ్డీ మీదే లోపలిదాకా ఆరాలి. నవంబరు వానల్లో చెన్నై గాలిలో పైన ఆరినట్టు ఉంటుంది, లోపల చెమ్మే. విప్పేస్తే రెండు కడుగులకే ముడతలు పోతాయి. అదే తడితో ప్లాస్టిక్ కవర్లో వేస్తే వెఫ్ట్ కుట్టు దగ్గర ముక్కవాసన వస్తుంది, అట్లాంటా చేరేసరికి పెట్టె తెరవగానే ముందు ముక్కుకే తెలుస్తుంది.

శాంపిల్ పంపేముందు ఒక బండిల్ని బలి ఇవ్వండి. ఐదుసార్లు షాంపూ పెట్టి, కండిషనర్ లేకుండా, గాలికే ఆరబెట్టాలి. ఒకటో, మూడో, ఐదో కడుగు తర్వాత ఒకే వెలుతురులో ఫొటో తీయండి. ముడత ఎంత నిలిచిందో ఆ ఫొటోలే చెప్తాయి, అవే కేటలాగులో పెట్టండి. మీ నవ్వే అమ్మాయి బొమ్మ కంటే పదిరెట్లు పనిచేస్తుంది.

పొడవు విషయంలో తగాదాలు ఎక్కువ. 18 అంగుళాలు అంటే సాగదీసినప్పుడా, వదిలేసినప్పుడా? చిక్కటి చుట్టల్లో సగానికి సగం ముడుచుకుపోతుంది. రెండు కొలతలూ రాయండి. బరువు బండిల్‌కి 100 గ్రాములు, వెఫ్ట్ దారంతో కలిపా, విడిగానా అన్నది కూడా. మామూలుగా 18–22 అంగుళాలకి మూడు బండిల్స్ చాలుతాయి, 24 దాటితే నాలుగు. సింగిల్ డ్రాన్ అయితే చివర్లు పలచబడతాయి కాబట్టి డబుల్ డ్రానా (పొట్టివి ఏరేసి చివరిదాకా ఒకే మందంగా ఉంచింది) కాదా చెప్పాలి.

‘జుట్టుని కాపాడుతుంది’ అని రాసే ఉద్దేశం ఉంటే ఆగండి. వీవ్‌ని ప్రొటెక్టివ్ స్టైల్ అంటారు, నిజమే, చివర్లు గాలికీ దువ్వెనకీ తగలకుండా ఉంటాయి. కానీ కార్న్‌రోస్ బిగుతుగా అల్లి బరువైన బండిల్స్ వేలాడదీస్తే కణతల దగ్గర, నుదుటి అంచున జుట్టు పలచబడుతుంది. దాన్నే ట్రాక్షన్ అలోపేషియా అంటారు. అల్లిన రాత్రే తలనొప్పి, అంచున చిన్న తెల్లపొక్కులు వస్తే అది బిగుతు గుర్తు. మాత్ర వేసుకుని ఓర్చుకునేది కాదు, అప్పుడే విప్పించుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకి మించి ఉంచకూడదు. ‘నొప్పి తెలియకుండా కుట్టమనండి, ఎనిమిది వారాల్లో విప్పేయండి’ అని ప్యాకెట్ మీద రాసే ఎగుమతిదారుని ఆ కొనుగోలుదారు మరిచిపోరు.

విరుగంబాక్కం_వ్యాఖ్య:

ఇంత సున్నితమైతే అసలు వేరేవాళ్ళ జుట్టు ఎందుకు పెట్టుకోవడం? తమ జుట్టు మీద తమకే చిన్నచూపు ఉండబట్టే కదా మన వ్యాపారం నడుస్తోంది. ఆ ముక్క ఎవరూ అనరేంటి?

సూదీదారం:

అనరు, ఎందుకంటే అది సగం కూడా నిజం కాదు. ‘జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే’ అనే మనవాళ్ళే పలచటి జడకి సవరం కలిపి, జడగంటలు కట్టి పెళ్ళిపీటలెక్కుతారు. సవరం పెట్టుకున్న అత్తయ్యని ‘నీకు నీ జుట్టంటే చిన్నచూపు’ అని ఎవరైనా అన్నారా? వీవ్ వేసుకునే వాళ్ళలో ఉద్యోగం కోసం వేసుకునేవాళ్ళు ఉన్నారు, సొంత జుట్టు పెంచుకోవడానికి లోపల దాచేవాళ్ళు ఉన్నారు, నెలకో రూపం ఇష్టమై మార్చేవాళ్ళు ఉన్నారు. ఒకే తల మీద మూడు కారణాలూ ఉండొచ్చు.

పాతపేజీలు:

సవరం పోలిక ఒక హద్దు దాకానే అండీ. సవరం పెట్టుకోకపోతే మన అత్తయ్య ఉద్యోగం పోదు. 1962 జనవరి 28న న్యూయార్క్ హార్లెంలో ఫొటోగ్రాఫర్ క్వామె బ్రాత్‌వెయిట్, ఆయన మిత్రులు సాపు చేయని జుట్టుతో, నల్లటి ఒంటిరంగుతో ఉన్న మోడళ్ళని నిలబెట్టి ప్రదర్శన పెట్టారు. ‘నల్లగా ఉండటమే అందం’ అన్న మాటకి ఊపు తెచ్చినవాటిలో అదొకటి. అంటే పుట్టిన జుట్టుతో వేదికెక్కడమే ఒక ప్రకటన అయ్యేంత ఒత్తిడి ఉందన్నమాట. ఆ ఒత్తిడిని తప్పుపట్టొచ్చు, పెట్టుకున్న మనిషిని కాదు. కేటలాగు రాసేవాళ్ళకి ఈ తేడా తెలిస్తే చాలు.

అంబత్తూరు_కేటలాగు:

మాస్టరుకి లీవ్-అవుట్ సంగతి చదివి వినిపించాను, ‘అలా చెప్పొచ్చుగా ముందే’ అన్నారు. ‘రుజువు?’ అన్నదానికి ఏం పంపాలో ఎవరైనా చెప్తారా? మా సరుకులో గుడి వేలం లాటు ఒకటుంది, మిగతాది ఏజెంట్ల ద్వారా వచ్చింది.

కళ్యాణకట్ట:

అయితే ‘నూరు శాతం’ అన్నది ముందు తీసేయండి. మిగతా ఏజెంట్ల సరుకు ఎక్కడిదో మీకే తెలియనప్పుడు గుడి జుట్టు అనడం అబద్ధమే.

తిరుమల తలనీలాల్ని దేవస్థానం పొడవు బట్టి వేరుచేసి ఈ-వేలం వేస్తుంది: 31 అంగుళాలు ఆపైన, 16–30, 10–15, 5–9, ఐదుకి లోపు, తెల్లజుట్టు వేరుగా. వేలంలో పాడుకున్నవారి చేతిలో లాటు కాగితాలు ఉంటాయి. ఏ లాటు, ఏ గ్రేడు, ఎన్ని కిలోలు, ఏ తేదీన ఎత్తారు. మీరు నేరుగా పాడి ఉంటే అవి, ఇంకొకరి దగ్గర కొని ఉంటే వాళ్ళ ఇన్వాయిస్‌తో కలిపి అవి. ఆ లాటు నుంచి చేసిన బండిల్స్‌కి మాత్రమే ట్యాగు మీద లాటు నంబరు వేయండి. లాటు కిలోల కంటే గుడి ట్యాగు ఉన్న బండిల్స్ కిలోలు ఎక్కువైతే ఎవరైనా పట్టేస్తారు. నిజానికి పొట్టివి, ఊడినవి తీసేశాక తగ్గాలి.

‘స్వచ్ఛందంగా ఇచ్చిన’ అన్నది నిజమే, మొక్కు తీర్చుకోవడానికి ఇచ్చినవి. అయితే ఆ తల్లికి డబ్బు ముట్టదు, ఆమె అమ్మిందీ లేదు, డబ్బు దేవస్థానానికి చేరుతుంది. ‘ఇచ్చినవారికి న్యాయమైన ధర’ అని ఆవేశంలో రాసేవాళ్ళని చూస్తుంటాం. గుడి జుట్టుకి ఆ వాక్యం అతకదు. ఎలా ఉన్నదాన్ని అలా రాయండి. 2004లో తిరుమల జుట్టు విగ్రహారాధనతో ముడిపడిందని రబ్బీలు (యూదు మతగురువులు) తీర్పు చెప్పడంతో యూదు ఆడవాళ్ళు విగ్గులు వీధుల్లో పోగేసి తగలబెట్టారు. ఎక్కడి జుట్టు అన్న ప్రశ్న కొందరికి మతం, కొందరికి నీతి. ఈ కొనుగోలుదారుకి బహుశా రెండోది.

ఏజెంట్ల సరుకులో చిక్కుజుట్టు కలిసిందేమో చూడండి. ఇంటింటా దువ్వెనకి ఊడింది పోగుచేసి స్టీలు గిన్నెలకీ పిన్నులకీ ఇచ్చేసే రకం, వ్యాపారంలో గోలీ అంటారు. కొప్పళ్‌లో, మన ఏలూరులో దాన్ని గంటలతరబడి విడదీసే ఆడవాళ్ళున్నారు. వాళ్ళ పని గొప్పదే, కానీ అది రెమీ (కుదుళ్ళన్నీ ఒకే వైపున్న జుట్టు) కాదు, ఎందుకంటే కుదురు ఒకటి ఇటు, చివర ఒకటి అటు ఉంటాయి. పొలుసులు ఎదురెదురై చిక్కుపడతాయి. ఆ చిక్కు దాచడానికి ఆమ్లంలో ముంచి పొలుసులు తీసేసి సిలికోన్ పూస్తారు. మొదటి రోజు అద్దంలా మెరుస్తుంది, నాలుగు కడుగులకి గూడు కట్టేస్తుంది. తడిపి రెండు వేళ్ళ మధ్య కుదురు నుంచి చివరికి నిమరండి, నున్నగా జారాలి. చివర నుంచి పైకి నిమిరితే కాస్త పట్టినట్టుండాలి. రెండువైపులా ఒకేలా జారితే పొలుసులు లేనట్టే.

‘సింగిల్ డోనర్’ కూడా జాగ్రత్త. ఒక తల నుంచి వచ్చింది, పొట్టివి తీసేశాక, ఒక బండిల్‌కి సరిపోతే గొప్ప. మూడు బండిల్స్ సెట్టుని ‘సింగిల్ డోనర్’ అంటే నమ్మరు. ‘ఒక్కో బండిల్ ఒక్కరిది’ అని రాయండి, అది కూడా నిజమైతేనే.

పచ్చి జుట్టు ఎగుమతిని 2022 జనవరిలో కేంద్రం పరిమితుల జాబితాలోకి తెచ్చింది, తక్కువ ధర చూపి దొంగదారిన పంపుతున్నారని. వెఫ్ట్ కుట్టిన సరుకు వేరే శీర్షిక కింద వెళ్తుంది, నిబంధనలు తర్వాత మారాయి కూడా, ఇప్పటి లెక్క, కోడ్ విషయం మీ కస్టమ్స్ ఏజెంటుతో తేల్చుకోండి.

అంబత్తూరు_కేటలాగు:

అందరికీ ధన్యవాదాలు. మళ్ళీ రాశాను, చూడండి:

‘కింకీ స్ట్రెయిట్ బండిల్. సాగదీస్తే 18 అంగుళాలు, వదిలేస్తే 15. వెఫ్ట్ దారం కాకుండా 100 గ్రాములు. డబుల్ డ్రాన్. పొలుసులు ఒకే దిశలో. ఆవిరితో చేసిన టెక్స్‌చర్, రసాయనం వాడలేదు. ఐదు కడుగుల తర్వాతి ఫొటో జతచేశాం. తిరుమల వేలం లాటు నంబరు ట్యాగు మీద.’

‘4సి క్లిప్-ఇన్స్. చుట్ట ఎంత సన్నమో తెలియడానికి పెన్సిల్‌కి చుట్టిన ఫొటో చూడండి.’

సూదీదారం:

మొదటిది బాగుంది. 15 అన్నది కొలిచారా, అంచనానా? కొలిచిన అంకె వేయండి, బండిల్ బండిల్‌కీ అరంగుళం అటూ ఇటూ ఉంటే అదీ రాయండి.

రెండోదానిలో ఒక్క 4సి మీదే ఆధారపడకండి. 1ఎ నుంచి మొదలయ్యే ఈ లెక్క 1990ల్లో ఓప్రా విన్‌ఫ్రీ స్టైలిస్టు ఆండ్రే వాకర్ పెట్టింది. 4సి తర్వాత జనం చేర్చుకున్నది, ఒక్కో కంపెనీకి ఒక్కో అర్థం. సాపు జుట్టుని ఒకటో నంబరుగా పెట్టారని దాని మీదా విమర్శ ఉంది. గుర్తుకోసం 4సి ఉంచి, పక్కన చుట్ట వ్యాసం మిల్లీమీటర్లలో రాయండి.

పాతపేజీలు:

ఆ పెన్సిల్ ఫొటో మాత్రం తీసేయండి అండీ. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష రోజుల్లో, 1950 జనాభా నమోదు చట్టం కింద ఎవరు ఏ జాతో తేల్చడానికి జుట్టులో పెన్సిల్ దూర్చి చూసేవారు. జారిపడితే తెల్లజాతి, ఇరుక్కుంటే కాదు. ఒకే ఇంట్లో పిల్లల్ని వేరుచేసిన పరీక్ష అది. కొనేవాళ్ళు అమెరికావాళ్ళే కావచ్చు, ఈ సంగతి అక్కడా తెలుసు. చుట్ట పక్కన స్టీలు స్కేలు పెట్టి తీయండి, గీతలు స్పష్టంగా కనపడేలా.